చిన్న తెర మీద తెలుగు అక్షరం

(పెన్షనర్ల దినోత్సవం నాడు జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

– విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ, నేలకొండపల్లి



1982వ సంవత్సరం డిసెంబరు 17న నకరా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను అనేది దయాధర్మం కాదు, హక్కు అని ఆనాడు తేలింది. అందుకే ఏటా ఇదే రోజున మనం కలుస్తున్నాము. కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ ఇంట్లో ఏదో డబ్బా తయారు చేశారట గదా, దాని సంగతి చెప్పండి" అన్నారు. పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను ఇంజినీరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసిన గుమాస్తాను. కాబట్టి గుమాస్తా భాషలోనే చెబుతాను. తప్పుగా తోచినచోట పాలిటెక్నిక్ చదువుతున్న మా మనవడు వెనక బెంచీలో ఉన్నాడు, వాణ్ణి అడగండి.

మీ ఇంట్లో చిన్న తెరలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? టీవీ, సెల్‌ఫోను వదిలేయండి. కరెంటు మీటరు మీద ఒకటి. ఇన్వర్టరు మీద ఒకటి. బీపీ చూసుకునే పట్టీకి ఒకటి, షుగరు చూసుకునే మిషనుకు ఒకటి, జ్వరం చూసే పుల్లకు ఒకటి. కూరగాయల కొట్టులో కాటా మీద ఒకటి, రేషను షాపులో వేలిముద్ర మిషను మీద ఒకటి. మనమందరం ఎన్నికల డ్యూటీలు చేసినవాళ్ళమే. మన హైదరాబాదులోని ఈసీఐఎల్ వారూ, బెంగళూరు బెల్ వారూ తయారుచేసే ఓటింగు మిషనులో కంట్రోలు యూనిట్ మీద కూడా అటువంటిదే ఒక చిన్న కిటికీ ఉంటుంది. పోలింగు ముగిశాక మొత్తం ఓట్ల సంఖ్యను దానిలో చూసి ఫారంలో ఎక్కించి, ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి, తెల్లవారుజాము దాకా రిసెప్షన్ సెంటరులో వరుసలో నిలబడ్డ రోజులు మరచిపోయేవి కావు.

ఈ తెరలన్నిటిలో ఒక గుణం ఉంది. అంకెలు అందరికీ అర్థమవుతాయి. మాటలు ఇంగ్లీషు వచ్చినవాళ్ళకే అర్థమవుతాయి. ఇది చిన్న విషయంగా కనపడుతుంది. మా ఇంట్లో చిన్న విషయంగా పోలేదు.

మా ఇంటావిడ ఐదో తరగతి వరకు తెలుగు మీడియం చదివింది. రోజూ పేపరు హెడ్డింగులు నాకంటే ముందే చదువుతుంది. ఇంగ్లీషు అక్షరం మాత్రం రాదు. పన్నెండేళ్ళుగా షుగరు. ఇన్సులిను తానే పొడుచుకుంటుంది. వేలు గుచ్చి మిషనులో చూసుకోవడం కూడా నేర్చుకుంది, ఎందుకంటే వచ్చేది అంకె గదా. రెండేళ్ళ క్రితం నేను ట్రెజరీ పని మీద ఖమ్మం పోయిన రోజున ఆమెకు ఒంట్లో బాగోలేదు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. మిషనులో చూసుకుంటే అంకె రాలేదు, ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. పట్టీ చెడిపోయిందనుకొని ఇంకొకటి పెట్టింది. మళ్ళీ అవే అక్షరాలు. మూడోది కూడా అంతే. మిషను పాడైంది, ఆయన వచ్చాక చూపిద్దామని పడుకుంది. సాయంత్రం నేను వచ్చేసరికి మాట తడబడుతోంది. ఆటోలో వేసుకొని ఖమ్మం తీసుకుపోయాము. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది.

ఆ రెండు అక్షరాలు 'హెచ్', 'ఐ'. అంటే 'హై', ఎక్కువ. ఇటువంటి మిషన్లు చాలావరకు 600 దాటితే అంకె చూపించవు, ఆ మాట చూపిస్తాయి. మరీ పడిపోతే 'ఎల్', 'ఓ' అని చూపిస్తాయి. మిషను తన పని తాను సక్రమంగానే చేసింది. ప్రమాదం ఉన్నదని మూడుసార్లు చెప్పింది. ఎవరికి చెప్పాలో వారికి రాని భాషలో చెప్పింది.

ఇక్కడ గోదావరి సంగతి ఒకటి మనవి చేస్తాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు వచ్చినప్పుడు నాకు వరద డ్యూటీ పడింది. మనలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఆ డ్యూటీ చేసినవారు ఉన్నారు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు టీవీలో చూశాము. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ మూడు అంకెలు ఏటి ఒడ్డున పడవ నడిపేవాడికీ తెలుసు, పూలమ్మే ఆవిడకూ తెలుసు. 'ఒకటో ప్రమాదం', 'రెండో ప్రమాదం' అని వాళ్ళ మాటలోనే చెప్పుకుంటారు. అంకె పక్కన మాట ఉంది, మాట వాళ్ళది. అందుకే మైకులో చెప్పగానే మూటలు సర్దుకుంటారు. షుగరు మిషనులో లేనిది ఇదే.

సరే, ఆ మిషనును విప్పి మార్చడం మన చేతిలో పని కాదు, చేయకూడదు కూడా. దానికి నేను చేసింది పాతకాలపు పని. ఒక అట్ట మీద స్కెచ్ పెన్నుతో ఆ అక్షరాల బొమ్మలు వేశాను. "నిచ్చెన మెట్టు, పక్కన నిలువు గీత వస్తే – చాలా ఎక్కువ, వెంటనే పిలువు. కొక్కెం, పక్కన సున్నా వస్తే – చాలా తక్కువ, పంచదార నోట్లో వేసుకొని పిలువు." ఆ అట్ట షుగరు మిషను పెట్టె మూతకు అంటించి ఉంది. ఖర్చు సున్న. మీలో ఇంటింటికీ ఇటువంటి మిషను ఉంటుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పాను. మిగతా ప్రసంగం నిద్ర వచ్చినా ఫరవాలేదు.

ఇంకొక చిక్కు మిగిలింది. వేళకు సూది వేసుకోవడం, వేసుకున్నదీ లేనిదీ గుర్తుండటం. వేసుకోకపోతే ఒక ప్రమాదం, మరచిపోయి రెండోసారి వేసుకుంటే అంతకంటే పెద్ద ప్రమాదం. దీనికి మేమే ఒక తెర పెట్టుకుందాం, అది తెలుగులో మాట్లాడేటట్టు చేద్దాం అని మనవడూ నేనూ మొదలుపెట్టాము.

ఈ తెర అంటే ఏమిటో రెండు మాటల్లో. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఒక పదార్థాన్ని వేడి చేస్తూ, అది కరిగీ కరగనట్టు, ద్రవమూ స్ఫటికమూ కాని స్థితిలో ఉండటం గమనించాడు. దానికి ద్రవస్ఫటికం అని పేరు వచ్చింది. మన దేశంలో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ గారి బృందం 1977లో ఈ పదార్థాల్లో ఒక కొత్త జాతినే కనిపెట్టింది. రెండు గాజు పలకల మధ్య ఈ ద్రవాన్ని పలుచగా పోసి, కరెంటు తగిలించినచోట వెలుతురు ఆగిపోయేటట్టు చేస్తారు. ఆగినచోట నల్ల చుక్క. అంతే. ఈ తెరకు సొంత వెలుతురు లేదు. కిటికీ రెక్కల్లాగా తెరవడం, మూయడమే దాని పని. వెనక వెలిగే లైటు వేరు.

దాన్ని నడిపించే బోర్డు పేరు ఆర్డుయినో. ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్ళో 2005లో విద్యార్థుల కోసం మొదలైంది. పోస్టుకార్డులో సగం కూడా ఉండదు. దానిమీద ఒక నల్లటి చిప్పు, అదే మైక్రో కంట్రోలరు. దానిలో రాసిపెట్టుకునే జాగా 32 కిలోబైట్లు, పని చేసేటప్పుడు వాడుకునే జాగా 2 కిలోబైట్లు. మనవడి ఫోనులో ఒక ఫోటోకు పట్టే జాగాలో ఇటువంటివి వంద పడతాయి. నాకు మాత్రం ఈ బీదరికమే నచ్చింది. ప్రతి బైటుకూ లెక్క చెప్పవలసి ఉంటుంది. కంటింజెన్సీ బిల్లులు రాసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బోర్డు, తెర, తీగలు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అన్నీ కలిపి నాలుగంకెల సొమ్ము దాటలేదు.

మొదట తెచ్చింది పదహారు గడులు, రెండు వరుసల తెర. టెలిఫోను బూతుల్లో, కాటాల మీద మీరు చూసిన రకం. దీని వెనక ఒక చిప్పు ఉంటుంది. జపానుకు చెందిన హిటాచీ కంపెనీ 1980 దశకంలో చేసిన నమూనా. ఇవాళ ఎవరు చేసినా ఆ పద్ధతిలోనే చేస్తున్నారు. దీనికి పదహారు కాళ్ళు. ఒకటి, రెండు కాళ్ళు కరెంటుకు. మూడో కాలు నలుపు తెలుపుల గాఢతకు. దీనికి రేడియో వాల్యూము లాంటి బిరడా ఒకటి తగిలించాలి. అది సరిగా తిప్పకపోతే తెర ఖాళీగా కనపడుతుంది, చాలామంది తెర చెడిపోయిందని పారేస్తారట. పై వరుసలో నల్లని గళ్ళు మాత్రమే కనపడితే కరెంటు అందింది గాని ఆదేశాలు అందలేదని అర్థం.

నాలుగో కాలు నాకు బాగా అర్థమైన కాలు. మన ఆఫీసు ఫైలులో నోటు వైపు, కరెంటు వైపు అని రెండుంటాయి గదా. నోటు వైపు రాసింది ఆఫీసరుకు సూచన. కరెంటు వైపు ఉన్నది అసలు కాగితం. అట్లాగే ఈ కాలులో కరెంటు లేకుంటే వచ్చింది ఆదేశం – తెర తుడువు, రెండో వరుసకు పో, అని. కరెంటు ఉంటే వచ్చింది విషయం, తెర మీద చూపించవలసినది. ఐదో కాలు తెర నుంచి తిరిగి చదువుకోవడానికి. మనకు రాయడమే గాని చదివే పని లేదు గనుక దాన్ని నేలకు కట్టేశాము. ఆరో కాలు సంతకం లాంటిది. తీగల మీద ఎన్ని సంఖ్యలు పెట్టినా ఈ కాలు ఒకసారి ఎత్తి దించితే గాని చిప్పు స్వీకరించదు. దించిన క్షణంలో ఏముందో అదే చెల్లుబాటు. ఏడు నుంచి పద్నాలుగు దాకా ఎనిమిది కాళ్ళు విషయం మోసే కాళ్ళు. బోర్డుకు అన్ని తీగలు కేటాయించడం ఎందుకని నాలుగింటితోనే రెండు విడతలుగా పంపవచ్చు. ముందు పై సగం, తర్వాత కింది సగం. ప్రతి విడతకూ సంతకం వేరు. చివరి రెండు కాళ్ళు వెనక లైటుకు.

ఇంకొకటి, తొందరపెట్టకూడదు. మామూలు ఆదేశానికి సెకనులో పదిలక్షల వంతులు ఓ 37 పడితే, తెర తుడిచే ఆదేశానికి వెయ్యో వంతు ఒకటిన్నర పడుతుంది. ఆ లోపల ఇంకొక కాగితం పంపిస్తే అది గల్లంతే. ఆఫీసరు భోజనానికి వెళ్ళినప్పుడు బల్ల మీద పెట్టిన ఫైలు మాదిరి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ తెర బొమ్మను గుర్తుంచుకోదు, సంఖ్యను గుర్తుంచుకుంటుంది. 65 అని పంపితే తన లోపలి పుస్తకంలో 65వ బొమ్మ ఏమిటో చూసి ఇంగ్లీషు 'ఏ' అక్షరాన్ని గడిలో వేస్తుంది. ఆ పుస్తకం ఫ్యాక్టరీలోనే అచ్చయిపోయి వస్తుంది, మనం మార్చలేము. మనకు దొరికే రకంలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉన్నాయి. తర్వాత జపాను అక్షరాలు ఉన్నాయి. 177 పంపితే జపానువారి 'అ' వస్తుంది. మా ఇంట్లో జపాను వచ్చినవారు ఎవరూ లేరు. తెలుగు 'అ'కు సంఖ్య లేదు. ఎవరినీ తప్పు పట్టవలసింది లేదు, ఎవరు చేసుకున్నారో వారి అక్షరాలు వేసుకున్నారు.

కాని ఎనిమిది ఖాళీలు వదిలారు. సున్న నుంచి ఏడు దాకా గల సంఖ్యల బొమ్మలు మన ఇష్టం. అంటే ఎనిమిది రబ్బరు స్టాంపులు చెక్కుకోవచ్చు. ఒక్కో స్టాంపు వెడల్పు ఐదు చుక్కలు, ఎత్తు ఎనిమిది చుక్కలు. ఒక్కో అడ్డ వరుసను ఒక సంఖ్యగా చెప్పాలి. కుడి చివర చుక్కకు 1, దాని పక్కన 2, తర్వాత 4, 8, ఎడమ చివర 16. నలుపు కావలసిన చుక్కల విలువలు కూడితే ఆ వరుస సంఖ్య. 'గ' అక్షరం చూడండి. పై మూడు వరుసలు తలకట్టు, కింద కమాను. 1, 10, 4, 14, 17, 17, 17, 0. కాగితం మీద గళ్ళు గీసి ఇంటికి పోయి వేసి చూసుకోండి, 'గ' వస్తుంది. మొట్టమొదట తెర మీద అది కనపడినప్పుడు నాకు కలిగిన సంతోషం ప్రొబేషను డిక్లేరు అయిన రోజున కూడా కలగలేదు.

'గ', 'ర', 'ల' వరకు బాగానే ఉంది. 'గో' దగ్గర చిక్కు వచ్చింది. ఐదు చుక్కల వెడల్పులో ఆ ఓత్వం పట్టదు. పక్క గడిలోకి పోనిద్దామంటే గడికీ గడికీ నడుమ సందు ఉంటుంది, అక్షరం విరిగిపోతుంది. వత్తులు ఇంకా కష్టం. 'త్ర' రాయాలంటే వత్తు కింది వరుసలో వేయాలి. రెండు వరుసలకు నడుమ కూడా సందే.

ఇక్కడ నాకు తెలుగు టైపు మిషను గుర్తుకు వచ్చింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక మన ఆఫీసులకు తెలుగు మిషన్లు వచ్చాయి. టైపు లోయరు, హయ్యరు పరీక్షలు రాసినవాళ్ళకు తెలుసు, ఆ మిషనులో కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదలదు. ముందు వత్తు కొట్టి, అదే చోట దాని మీద అక్షరం కొడితే రెండూ కలిసి ఒకటవుతాయి. అన్ని గుణింతాలు, అన్ని వత్తులు ఆ కాసిన్ని మీటలతోనే సాధించారు. ఎవరు ఆలోచించారో గాని చాలా పెద్ద బుర్ర. మనవడితో అన్నాను, ఈ తెరలో కూడా ఒకే గడిలో రెండు స్టాంపులు కొట్టరా అని. "కుదరదు తాతయ్యా, రెండోది పంపితే మొదటిది చెరిగిపోతుంది. గడికి ఒక్క సంఖ్యే" అన్నాడు. కాగితం మీద సిరా ఉంటుంది, ఇక్కడ సంఖ్య ఉంటుంది. నలభై ఏళ్ళ కిందటి ఇనుప మిషను చేయగలిగిన పని ఈ గాజు తెర చేయలేకపోయింది.

అయినా ఆ తెరతో కొన్నాళ్ళు నడిపాము. ఎనిమిది స్టాంపులు ఒక వాక్యానికి సరిపోతే చాలు, తర్వాతి వాక్యానికి ఆ స్టాంపులే కొత్తగా చెక్కించవచ్చు. ఒక్క జాగ్రత్త – స్టాంపు మారిస్తే అప్పటికే తెర మీద ఉన్న అక్షరం కూడా మారిపోతుంది, ఎందుకంటే అక్కడున్నది సంఖ్య మాత్రమే. కాబట్టి ముందు తెర తుడిచి, తర్వాత చెక్కి, తర్వాత వేయాలి.

ఇప్పుడు ఏ మాటలు వేయాలనే ప్రశ్న. మనవడు "ఇన్సులిన్ సమయం అయినది" అని రాశాడు. నేను దాన్ని దిద్ది "ఇన్సులిన్ తీసుకొనవలసిన సమయమైనదని తెలియజేయడమైనది" అనలేదు గాని, చేయి అటే పోయింది. మా ఇంటావిడ చూసి, "ఏమండీ, మనింట్లో ఇట్లా ఎవరు మాట్లాడతారు? 'సూది' అని పెట్టండి. మధ్యాహ్నం 'గోలి' అని పెట్టండి. నాకు తెలియదా ఏ సూదో, ఏ గోలీయో" అన్నది. అన్ని అక్షరాల చిక్కు రెండక్షరాలతో తీరిపోయింది. తెర చిన్నదైతే భాష బాగుపడుతుందని నాకు అప్పుడు అనిపించింది. జీవోలు కూడా పదహారు గడుల తెర మీద రాయమంటే బాగుండును.

కాని విరిగిన 'గో'ను ఆమె రెండుసార్లు 'గె' అని, ఒకసారి ఏదో పురుగు అని చదివింది. అరవై ఎనిమిదేళ్ళ కళ్ళు, పైగా షుగరు కళ్ళు. ఎనిమిది చుక్కల అక్షరం చాలదు. అందుకని రెండో తెర తెప్పించాము. అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 64 చుక్కలు. దీని లోపలి పుస్తకంలో చైనా అక్షరాలు 8192 ఉన్నాయి. తెలుగు అక్షరాలు ఇందులోనూ లేవు. కాని దీనికి బొమ్మ పద్ధతి అని ఇంకొకటి ఉంది. ఏ చుక్క నలుపో, ఏది తెలుపో మనమే చెప్పుకోవచ్చు. గడులు లేవు, సందులు లేవు. తీగలు కూడా తక్కువ. కరెంటుకు పోగా మూడు చాలు. చుక్కలు ఒక్కొక్కటిగా వరుసన అదే తీగ మీద పోతాయి. వత్తును అక్షరం మీద వేస్తే రెండు బొమ్మల నల్ల చుక్కలూ నిలిచి ఉంటాయి. టైపు మిషను న్యాయం ఇక్కడ చెల్లింది.

అయితే లెక్క ఉంది. 128ని 64తో హెచ్చిస్తే 8192 చుక్కలు. ఎనిమిది చుక్కలకు ఒక బైటు చొప్పున 1024 బైట్లు, అంటే ఒక కిలోబైటు. బోర్డు పని చేసే జాగా రెండు కిలోబైట్లలో సగం ఒక్క తెర బొమ్మకే పోతుంది. రాసిపెట్టుకునే జాగా 32 ఉంది గనుక అక్కడ పది పన్నెండు తెరల బొమ్మలు సుఖంగా దాచుకోవచ్చు. మాకు కావలసింది ఏడు. కాబట్టి అక్షరాలను కలిపే ప్రోగ్రాము జోలికే పోలేదు. ట్రెజరీ ఫారాల మాదిరి ముందే అచ్చు వేసిన ప్రొఫార్మాలు ఏడు పెట్టుకున్నాము. వాక్యమంతా ఒకే బొమ్మ. ఖాళీలో టైము మాత్రం అప్పటికప్పుడు నింపుతుంది.

మొదటి బొమ్మ నేనే వేశాను. గ్రాఫు కాగితం మీద ఒక మిల్లీమీటరు గడికి ఒక చుక్క. 'సూది' అని లావుగా రాసి, తగిలిన గడులన్నీ నల్ల పెన్సిలుతో నింపి, ఎనిమిదేసి గడులకు ఒక సంఖ్య చొప్పున లెక్కగట్టి రిజిస్టరులో ఎక్కించాను. వేయిన్ని ఇరవై నాలుగు సంఖ్యలు. మూడు రోజులు పట్టింది. మనవడు కంప్యూటరులో అయితే నిమిషం పని అన్నాడు, తక్కిన ఆరూ అట్లాగే చేశాడు. వాడు చేసినవి తీరుగా ఉన్నాయి. మా ఇంటావిడ మాత్రం 'సూది' చూసి, "ఇది మీ చేతిరాత" అని గుర్తుపట్టింది.

గడియారం కోసం వేరే చిన్న బిళ్ళ ఉంది. దానికి రూపాయి బిళ్ళంత సెల్లు. కరెంటు పోయినా టైము నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ తేడా రావచ్చు. ఉదయం ఏడు కాగానే చిన్న కూత వేసి తెర 'సూది' అని చూపిస్తుంది. వేసుకున్నాక పక్కనున్న బొత్తాము నొక్కాలి. అప్పుడు "వేసుకున్నావు" అని, కింద టైము చూపిస్తుంది. నొక్కకపోతే పది నిమిషాలకు మళ్ళీ కూస్తుంది. ఆ "వేసుకున్నావు" మధ్యాహ్నం దాకా పోదు. ఎనిమిది గంటలకు వంటింట్లో నుంచి వచ్చి "నేను సూది వేసుకున్నానా?" అని నన్ను అడిగే ఆవిడ ఇప్పుడు గోడ వంక చూస్తుంది. ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇది జ్ఞాపకం చేసే డబ్బా మాత్రమే. ఎంత మోతాదు వేయాలనేది డాక్టరుగారి చీటీ, షుగరు ఎంతనేది షుగరు మిషను. బొత్తాము నొక్కి సూది వేసుకోకపోతే డబ్బాకు తెలియదు.

ఏడు వాక్యాలకైతే మా పద్ధతి చాలు. ఏ మాట అంటే ఆ మాట తెలుగులో చూపించాలంటే పని పెద్దది. కంప్యూటర్లలో తెలుగుకు యూనికోడు అనే పద్ధతిలో 128 స్థానాల ఒక వార్డు కేటాయించారు. అందులో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం – ఆరు సంఖ్యలు కావాలి. ఆరింటినీ చూసి ఒక బొమ్మగా కుదర్చడం ఫోనుకు, కంప్యూటరుకు వచ్చు. మా బోర్డుకు రాదు. కాని షుగరు మిషను చేసే కంపెనీకి 'స్త్రీ' అక్కర లేదు. దానికి కావలసింది 'ఎక్కువ', 'తక్కువ', 'పట్టీ మార్చు', 'బ్యాటరీ మార్చు'. నాలుగు బొమ్మలు. మేము వంటింటి బల్ల మీద ఏడు చేశాము. దేశమంతటి భాషలకూ కలిపి అచ్చువేసినా ఒక చిన్న చిప్పులో పట్టే సరుకు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల్లో కూడా డబ్బా మీద వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలన్నారు. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, వేయాలని లేదు. డబ్బా మీదనే తప్పనిసరి కానిది లోపలి తెర మీద ఎవరు వేస్తారు? అందుకని మన సంఘం తరఫున ఒక మహజరు తయారు చేశాను. ఇంట్లో వాడే వైద్య పరికరాల తెరల మీద హెచ్చరిక మాటలు ఆ రాష్ట్ర భాషలో కూడా ఉండాలని కోరుతూ. రెండు పేజీలు. అధ్యక్షుల వారి బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టండి.

మన ఊరి గోపన్న గారు తహశీల్దారుగా పనిచేసి లెక్కల విషయంలోనే గోల్కొండ చెరసాలకు పోయినవారు. రామదాసుగా ఆయనను లోకమంతా కొలుస్తుంది. రెవెన్యూ గుమాస్తాగా నేను మాత్రం, ఆ లెక్కలు ఏ లిపిలో రాసి ఎవరికి చదివి వినిపించారో అని ఆలోచిస్తుంటాను. ఇది విషయాంతరం, క్షమించాలి.

డబ్బా ఇవాళ తీసుకురాలేదు, అది ఇంట్లో డ్యూటీలో ఉంది. చూడదలచినవారు ఆదివారం పూట మా ఇంటికి రావచ్చు. ఎవరికైనా కావాలంటే సామాను తెచ్చుకుంటే మనవడు సెలవుల్లో చేసిపెడతానన్నాడు, చేతికూలి అక్కరలేదు. మందుల పేర్లు కాకుండా మీ ఇంట్లో పిలుచుకునే మాటలే రాసుకొని రండి. ఒక ఇంట్లో సూది, ఇంకొక ఇంట్లో ఇంజెక్షను, ఎవరి బొమ్మ వారిది. అట్లాగే మీ బీపీ మిషను, షుగరు మిషను ఎప్పుడైనా అంకె కాకుండా వేరే ఏదైనా చూపిస్తే, అది ఎట్లా కనపడిందో అట్లాగే కాగితం మీద దించుకొని తీసుకురండి. అర్థం కనుక్కొని అట్ట రాసిస్తాను. భోజనాలకు లేవమని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. షుగరు ఉన్నవారు ముందు బంతిలో కూర్చోండి. సెలవు.